నీలం నిలిచేదాకా

జూన్ పదకొండు, మంగళవారం. ఆ ఉదయం మేం తిన్నది రొట్టె, ఉడికించిన గుడ్లు. మనిషికి రెండేసి గుడ్లు. అంతకు ముందురోజు ఆవిరి తగిలి నా కుడి బొటనవేలు బొబ్బెక్కింది కాబట్టి నా గుడ్ల పెంకు మా బావమరిది తీసిపెట్టాడు. తెల్లసొన ఎక్కడా చిట్లకుండా ఓపిగ్గా ఒలిచి, ఉప్పు చల్లి, "తిను బావా, చల్లారితే నీచు వాసనొస్తుంది" అన్నాడు. రెండు గంటల తర్వాత అదే చేత్తో నా ముందుపళ్లు రెండు రాలగొట్టాడు.

అయినా ఆ రోజంతా నేను భయపడింది మా అమ్మాయి చెయ్యి గురించి. ఒక మనిషి కళ్లు తీసిన చెయ్యి అన్న పేరు దానికి పడితే, ఆ చేత్తో ఆమె బతికినన్నాళ్లూ అన్నం ఎలా తింటుందా అని.

మాది పూలనుంచి సారం తీసే పని. ఇంటి వెనక రెండు గదులు. ముందుగదిలో రేకులు ఒలవడం, లోపలిగదిలో నానబెట్టడం, వడగట్టడం, పిప్పిని మరలో పిండడం. మందారాలు, గులాబీలు, అన్నిటికంటే ఎక్కువగా శంఖుపూలు. అన్నీ తినదగిన పూలే. పదిహేనేళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, మా ఆవిడ మాట మీద మానేసి ఇందులోకి దిగాను. శంఖుపువ్వులో మేలుచేసే పదార్థం దాని నీలంలోనే ఉంటుంది. అది మహా సుకుమారం. నీళ్లు మరిగితే విరిగిపోతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో గంటలకొద్దీ ఉంచితే తప్ప బయటికి రాదు. "అలిగిన అల్లుణ్ణి పిలిచినట్టు పిలవాలి" అనేది మా ఆవిడ. ఆమె పోయి రెండేళ్లయింది.

ఆ నీలానికి ఇంకో గుణం ఉంది. పులుపు తగిలితే ఊదాకీ ఎరుపుకీ తిరుగుతుంది. సోడా లాంటి క్షారం తగిలితే ఆకుపచ్చకీ, క్షారం గట్టిదైతే పసుప్పచ్చకీ తిరుగుతుంది. డ్రమ్ములు కడిగే కాస్టిక్ సోడా చుక్క మిగిలిపోయి సారం పచ్చబడితే, మేం చిటికెడు నిమ్మ ఉప్పు వేసి మళ్లీ నీలానికి తెస్తాం. మా ఇంట్లో అందరికీ ఇది కూరలో ఉప్పు సరిచేసుకోవడం లాంటిదే.

మా బావమరిదిని చిన్నప్పుడు ముద్దుగా పిడుగు అన్నారట. నలభై రెండేళ్లు వచ్చాక అందులో ముద్దు మిగల్లేదు. మర తిప్పేది అతనే. బిగించే ఇనపకడ్డీ మోచేతంత లావు, అతని చేతిలో అగ్గిపుల్లలా ఆడేది. కోపం వస్తే ఎదుట ఉన్నది గోడో మనిషో తెలియదు. గోడ ఒకసారి పగిలింది. ఒక లారీ డ్రైవరు దవడ ఇంకోసారి పగిలింది. అతన్ని ఆపే మందు మా ఆవిడ ఒక్కదానికే తెలుసు. మగ్గుతో నీళ్లు తీసి ఠపీమని ముఖాన కొట్టేది. అతనికి ఎనిమిదేళ్లప్పటినుంచీ అదే మందు. నీళ్లు తగలగానే తడిసిన కోడిలా నిలబడి, రెప్పలు టపటపలాడించి, "చొక్కా పాడుచేశావే అక్కా" అనేవాడు. అంతటితో గాలివాన వెలిసేది. మా అమ్మాయి ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ ఇది చూస్తూనే పెరిగింది.

ఆ మంగళవారం పొద్దున లోపలిగదిలో రెండు డ్రమ్ములు నిండుగా ఉన్నాయి. కిటికీ పక్కది మా తోట పూలది. వడగట్టి చల్లార్చినది, నలభై లీటర్లు. గోడ పక్కది పిడుగు ఎక్కడినుంచో తెచ్చిన రెండు బస్తాల్లో మొదటిదాని పూలది. తోట పూలు చాలడం లేదని తెచ్చి, తెల్లవారుజామునే తను నానేశాడు. గురువారం పిల్లల పానీయాల కంపెనీకి సరుకు వెళ్లాలి.

ముందుగదిలోంచి రేకులమ్మ పిలిచింది. రేకులు ఒలిచే ఆవిడ, మా దగ్గర పదేళ్లుగా ఉంది. ఆమె అసలు పేరు మేమే మరిచిపోయాం.

"మాస్టారూ, ఒకసారి ఇటు రండి. ఈ రెండో బస్తాలో చీమ కూడా బతికి లేదు."

తోట పూల బస్తా విప్పితే చీమలూ చిన్న పురుగులూ చేతుల మీదకి పాకుతాయి. రేకులమ్మ వాటి ఏడుతరాల్నీ తిట్టి దులుపుతుంది. ఇప్పుడు ఆమె ఒడినిండా చచ్చిన చీమలు, ఆవాల డబ్బా ఒలికినట్టు. గుప్పెడు పూలు తీసి వాసన చూశాను. అడుగున కిరసనాయిలు లాంటి ఘాటు. ఇవి తినడానికి పెంచిన పూలు కావు, అలంకారానికి పెంచినవి. పురుగుమందు కొట్టి మూడు రోజులు కూడా అయి ఉండదు.

ఆ డ్రమ్ము పారబోసి కడిగెయ్యాలనుకున్నాను. మూల ఉన్న బకెట్లో కాస్టిక్ కలిపి, మూత తీసే ఉంచాను. ఎర్ర మగ్గు కాస్టిక్‌ది, తెల్ల మగ్గు నీళ్లది, రెండు బకెట్లూ గదికి చెరో మూలా ఉండాలి అన్నది మా ఆవిడ పెట్టిన కట్టుబాటు. బొబ్బ వేలితో మోయలేక ఆ పొద్దున రెంటినీ ఒకే మూల పెట్టింది నేను. ఇది ఎవరూ నన్ను అడగలేదు. నేనే చెబుతున్నాను.

పిడుగు కడ్డీ భుజాన వేసుకుని వచ్చాడు.

"ఆ డ్రమ్ము పారబోస్తున్నాను" అన్నాను.

"ఏది? నేను నానేసిందా? కడిగే వేశాను బావా, మూడు నీళ్లు."

"కడిగితే పైనున్నది పోతుంది. రేకులోకి దిగింది పోదు. లోపలున్నదాన్ని బయటికి లాగడమేగా మన పని? మంచి ఎంత చిక్కగా వస్తుందో విషమూ అంత చిక్కగా వస్తుంది."

"మొదలెట్టావా పాఠం! హాజరు కూడా వెయ్యి. రెండు డ్రమ్ములూ కలిపేస్తే ఏ దేవుడికి తెలుస్తుంది?"

"తాగేది పిల్లలు."

"మన పిల్లలా?"

రేకులమ్మ గుమ్మంలోంచి, "నోరు కడుక్కో బాబూ" అంది.

"నువ్వు రేకులు ఒలుచుకో, నా తోలు ఒలవకు."

అప్పటిదాకా నవ్వులాటలోకి తిరగడానికి దారి ఉంది. నేను వంగి డ్రమ్ము అడుగున ఉన్న కుళాయి తిప్పాను. నీలం నేల మీద పడ్డ చప్పుడుతో ఆ దారి మూసుకుపోయింది.

మొదటి దెబ్బ నేను చూడలేదు. చెవి మీద పడింది. ఆ తర్వాత ఆ చెవిలో ఇంజను ఆడుతున్న మోత తప్ప ఏమీ వినబడలేదు. కాలరు పట్టి లేపి నా తలని డ్రమ్ము అంచుకేసి కొట్టాడు. ఒకసారి. ఇంకోసారి. మూడోసారి డ్రమ్మే ఒరిగి మా ఇద్దరి మీదా బోర్లాపడింది. గోరువెచ్చటి నీలం తలనుంచి పాదాలదాకా ముంచేసింది. అతను జారి నా మీద పడ్డాడు. పడ్డవాడు లేవలేదు, అక్కడినుంచే గుద్దాడు. పళ్లు రెండు నాలుక మీదకి రాలాయి. రాళ్లు నమిలినట్టు తగిలాయి. ఉమ్మేశాను. నీలం మీద ఎరుపు తీగలు సాగాయి.

రేకులమ్మ పీట ఎత్తి అతని వీపు మీద వేసింది. అతను చూడకుండానే మోచెయ్యి వెనక్కి విసిరాడు. ఆమె గోడకి తగిలి, నుదురు చిట్లి, జారి కూలబడింది.

తర్వాత కడ్డీ తీసి నా మెడకి అడ్డంగా పెట్టి, రెండు చేతులా నొక్కాడు. పిప్పిని నొక్కే తీరులోనే, భుజాల బరువంతా వేసి. అతని ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. నీలంగా, తడిగా, చిన్నపిల్లాడు ఏడవబోయే ముందు ఉండే ముఖంలా. ఊపిరి లోపలికి పోవడం మానేసింది. సీసాలకి మూతలు బిగిస్తున్న మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి అతని జుట్టు పట్టి లాగుతోంది. "మామయ్యా వదులు! మామయ్యా, చచ్చిపోతాడు, వదులు!"

వదల్లేదు. అప్పుడు ఆమె మూలకి దూకింది. వాళ్లమ్మ చేసిందే చేసింది. చేతికందిన మగ్గు ముంచి, ఠపీమని అతని ముఖాన కొట్టింది.

అతను ఆగాడు. నిజంగానే ఆగాడు. కడ్డీ మీద చేతులు వదులయ్యాయి. రెప్పలు టపటపలాడించాడు. "అక్కా..." అన్నాడు.

నా గొంతులోకి గాలి వచ్చింది. కళ్లు తెరిచేసరికి, అతని నీలపు చెంప మీద పైనుంచి కిందికి ఒక చార ఆకుపచ్చగా దిగుతోంది. ఆకుపచ్చ కళ్ల దగ్గర పసుప్పచ్చ అవుతోంది.

"ఏ మగ్గే?" అని అరిచాను. అరుపు అనుకున్నాను, గొంతులోంచి గురక వచ్చింది.

ఆమె తన చేతికేసి చూసుకుంది. ఎర్రది.

అప్పుడు అతను కేక పెట్టాడు. ఆ కేక గురించి రాయను. ముఖాన్ని రెండు చేతులా రక్కుకుంటూ గది మధ్యలో గిరగిరా తిరిగాడు. మర కాలికి తగిలి పడ్డాడు. లేచి గోడని గుద్దాడు. వేళ్లు చిట్లినా గుద్దాడు.

మా అమ్మాయి అలమర దగ్గరికి పరుగెత్తింది. "నిమ్మ ఉప్పు నాన్నా! కాస్టిక్ విరిగిపోతుంది, ఇప్పుడే విరిగిపోతుంది!"

మా పనిలో అది సరైన జవాబు. రోజూ చేసేదే. కానీ కంటిలో క్షారం మీద ఆమ్లం పోస్తే, ఉన్న మంటకి ఇంకో మంట తోడవుతుంది. నేను పాకి ఆమె కాలు పట్టుకుని పడేశాను. నా కూతుర్ని జీవితంలో మొదటిసారి కింద పడేశాను. డబ్బా ఎగిరి తెల్లపొడి నేలంతా చల్లుకుంది. పొడి పడ్డచోటల్లా నీలం ఎర్రబడింది.

"నీళ్లే! ఉత్త నీళ్లే! వాడి కాళ్లు పట్టుకో!"

మనిషిని కాపాడడం మెత్తటి పని అనుకునేవాణ్ణి. ఇద్దరం కలిసి అతని మోకాళ్ల మీద పడి కూల్చాం. అతని ఛాతీ మీద కూర్చుని, అతని చేతులు రెండూ నా మోకాళ్ల కింద తొక్కిపెట్టాను. నన్ను చంపడానికి వచ్చిన మనిషి ఇప్పుడు నేను తనని చంపుతున్నాననుకుని పోరాడాడు. ఒక చెయ్యి విడిపించుకుని నా పక్కటెముకల్లో పొడిచాడు, టక్కుమంది. నా అరచెయ్యి కండ ఊడేలా కరిచాడు. అప్పుడు అతన్ని కొట్టాను. పిడికిలి బిగించి, దవడ మీద, శక్తికొద్దీ. నేను ఒక మనిషిని కొట్టడం అదే మొదలు. అతను విస్తుపోయి ఒక్క క్షణం కదలడం మానేశాడు. ఆ క్షణంలో బొటనవేళ్లు రెండూ రెప్పల కింద దూర్చి కళ్లు తెరిచి పట్టాను. బొబ్బ చితికింది. అందులోకి కాస్టిక్ దిగింది. అతని కళ్లలో ఎలా ఉందో నా వేలు కొద్దిగా చెప్పింది.

"పొయ్యి!"

బకెట్లో నీళ్లు పెనుగులాటలో సగం ఒలికిపోయాయి. మిగిలిన సగం రెండు నిమిషాల్లో అయిపోయాయి. నీళ్ల కుళాయి తిప్పితే దారంలా కారింది. పైన ట్యాంకు పొద్దుటినుంచీ కడుగుళ్లకే ఖాళీ అయింది.

కిటికీ పక్క డ్రమ్ము మూత తీసింది రేకులమ్మ. నుదుటినుంచి నెత్తురు ముక్కు పక్కగా కారుతోంది. ఆమె దాన్ని భుజంతో తుడుచుకుంటూ, తెల్ల మగ్గుని కళ్ల దగ్గర పెట్టుకుని రెండుసార్లు చూసి, చల్లారిన పూలనీళ్లు నిండా ముంచింది.

"ఇవి పర్లేదా మాస్టారూ?"

"మన తోటవేగా. పొయ్యి."

మొదటి మగ్గు నీలంగా పడి, కళ్లలోంచి పసుప్పచ్చగా పారింది. రెండోదీ అంతే. అయిదోది ఆకుపచ్చ. అతను అరుస్తూ, ఉమ్ముతూ, మా ముగ్గురి వంశాల్నీ తిడుతూ తల విదిల్చేవాడు. మా అమ్మాయి అతని తల రెండు తొడల మధ్య బిగించి పట్టింది. ఆమె ఏడవడం లేదు. మగ్గు పడ్డప్పుడల్లా, "ఇంకా పచ్చగానే ఉంది. ఇంకా పచ్చగానే ఉంది నాన్నా" అంటోంది.

"నీలం నిలిచేదాకా పొయ్యండి" అన్నాను.

పదిహేనో మగ్గుకి ఆకుపచ్చలో నీలం కలిసింది. కుడికంట్లోంచి ముందు నీలం నీలంగానే వచ్చింది. ఎడమకన్ను మొండికేసింది. రెప్ప మడతలో ఎక్కడో దాక్కున్న క్షారం మళ్లీ మళ్లీ పచ్చగా చారకట్టేది. రెప్ప తిరగేసి పట్టాను. అతను పిచ్చికేక పెట్టి నన్ను ఎత్తి పడేశాడు. మళ్లీ ఎక్కి కూర్చున్నాను. కొట్టాను. మళ్లీ పట్టాను. మా ఆవిడ తమ్ముణ్ణి ఆమె కూతురి ఒళ్లో పెట్టి కొట్టి కొట్టి కడిగాను.

డ్రమ్ము అడుగు గీరుకున్న చప్పుడైంది. ఆఖరి మగ్గు పడింది. కంటి కొసనుంచి చెవిమీదుగా జారి నేలమీదకి పారేదాకా ఊపిరి బిగపట్టి చూశాం. నీలం.

"నిలిచింది" అంది మా అమ్మాయి. అప్పుడు ఏడ్చింది.

వీధి చివర టైర్లు అతికే మనిషి తన బండిలో ఆసుపత్రికి చేర్చాడు. సీటు నీలమైతే అవుతుంది లెమ్మని మమ్మల్ని కూర్చోబెట్టుకున్నాడు. కంటి డాక్టరమ్మ రంగు మారే కాగితం ముక్క రెప్పకింద పెట్టి చూసి, సెలైన్‌తో ఇంకో గంట కడిగించింది.

"మీరెంతసేపు కడిగారు?" అని అడిగింది.

"నలభై లీటర్లు" అన్నాను. గడియారం చూడలేదు మరి.

ఆవిడ నా నోరు చూసింది, మెడమీద కమిలిన గీత చూసింది, ఇంకేమీ అడగలేదు. ఆ పూటకి అంతకంటే పెద్ద ఉపకారం లేదు. కుడికంటి చూపుకి ఢోకా లేదంది. ఎడమకన్ను కొన్నాళ్లు మసకగా ఉంటుంది, తర్వాత ఎంత తిరిగొస్తుందో చూడాలంది. కాస్టిక్ పలచగా కలిపి ఉండడం అదృష్టం అంది. నేను పిసినారితనంతో ఎప్పుడూ అర చెంచా తక్కువే వేస్తాను. మా ఆవిడ దానికి నన్ను ఎన్నిసార్లు వెక్కిరించిందో!

సాయంత్రం ఆసుపత్రి గదిలో అతను రెండు కళ్లకీ కట్టుతో పడుకుని ఉన్నాడు. మా అమ్మాయి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. పొద్దుటినుంచీ కుడిచెయ్యి చున్నీ కింద దాచుకునే ఉంది. మంచినీళ్లు కూడా ఎడమచేత్తో తాగింది.

"బావా."

"ఊఁ."

"ఏం పోశారు నా ముఖాన?"

"కాస్టిక్. నేనే పోశాను" అన్నాను. పళ్లు లేని సందులోంచి గాలి పోయి మాట ఈలలా వచ్చింది.

"సరిగ్గా మాట్లాడి చావు."

"నా పళ్లు నీ దగ్గరున్నాయి."

అతని పెదవి ఒకపక్కకి లాగింది, వెంటనే సర్దుకుంది. "నువ్వు కింద ఉన్నావు. ఎలా పోస్తావు?"

"నేను పోశాను మామయ్యా" అంది మా అమ్మాయి. "నీళ్లనుకుని పోశాను. మగ్గు చూసుకోలేదు."

ఆ కట్టు వెనక ఏ ముఖం ఉందో నాకు తెలియదు. అతని పిడికిలి దుప్పటిని బిగించి పట్టింది. నా కాళ్లు వాటంతటవే మంచానికీ కుర్చీకీ మధ్యకి వెళ్లాయి. పిడికిలి విడింది.

"గురి మాత్రం మీ అమ్మదే" అన్నాడు.

ఆమె నవ్వలేదు.

"తగలగానే అక్కే అనుకున్నాను" అన్నాడు మళ్లీ, గది పైకప్పుతో చెప్పినట్టు. తర్వాత, "ఆ డ్రమ్ము?"

"నేల తాగేసింది."

"రెండోది?"

"నీ కళ్లు తాగాయి."

"గురువారం ఏం పంపుతావు?"

"ఏమీ పంపను." పొద్దుటినుంచీ నోట్లో నానుతున్న మాట అప్పుడే అనేశాను. "నువ్వు మళ్లీ మరగదిలోకి రావద్దు. కళ్లు వచ్చాక కూడా. తాళం నా దగ్గరే ఉంటుంది."

"ఎన్నాళ్లు?"

"తెలియదు."

"రేకులమ్మకి ఎలా ఉంది?"

"నాలుగు కుట్లు. నీ తోలు వాళ్ల వీధి కాకులకి వేస్తానంటోంది."

"మరి నీకు గుడ్లెవరు ఒలుస్తారు?" అన్నాడు.

"వంటింట్లోకి రావద్దని అనలేదుగా."

ఆసుపత్రి పళ్లెం వచ్చింది. అన్నం, పప్పు, ఉడికిన గుడ్డు ఒకటి. మా అమ్మాయి ఎడమచేత్తో పళ్లెం అందుకుంది. అతను గాల్లోకి చెయ్యి చాచి వెతికి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తడిమి చూశాడు.

"ఇది కాదు. ఆ చెయ్యి."

ఆమె నాకేసి చూసింది. చున్నీ కిందినుంచి కుడిచెయ్యి తీసింది. గోళ్ల చుట్టూ నీలం ఇంకా పోలేదు. అతను పళ్లెంలో తడిమి, గుడ్డు తీసి ఆ అరచేతిలో పెట్టాడు.

"ఒలువు. ఆకలేస్తోంది."

ఆమె మంచం పట్టీకి గుడ్డు కొట్టి ఒలిచింది. సగం తెల్లసొన పెంకుతోనే ఊడొచ్చింది. చిన్న ముక్క చేసి అతని నోటికి అందించింది.

"పెంకు నమలమంటావుటే? మీ నాన్నకి నేనెలా ఒలిచానో అడుగు" అన్నాడు, నములుతూనే.

"నోరు ముయ్యి మామయ్యా" అంది ఆమె. రెండో ముక్కలో పెంకు ఏరింది. మూడో ముక్క తను తింది, అదే చేత్తో.

చూడ్డానికి వచ్చినవాళ్ల వేళ అయిపోయిందని గంట కొట్టారు. రాత్రికి తను ఉంటానంది మా అమ్మాయి. నాకు ఊపిరి తీస్తే ఎముక పొడుస్తోంది, గుమ్మం పట్టుకుని బయటికి వచ్చాను. నేను నడవాలో రెండడుగులు వేశానో లేదో, ఆమె వెనకే వచ్చి, అతనికి నిద్ర పట్టిందని కళ్లతోనే చెప్పి, నీలం వేళ్లతో తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.